అల్లుడికి చెప్పలేని మాట

మా అమ్మ తన అల్లుడితో ఎప్పుడూ ఎదురుగా నిలబడి మాట్లాడలేదు. పెనుకొండలో మా ఇంట్లో నడవకూ వంటింటికీ మధ్య ఒక పాత తలుపు ఉండేది. బావ ధర్మవరం నుంచి వచ్చి నడవలో మంచం మీద కూర్చోగానే అమ్మ ఆ తలుపు వెనక్కి చేరేది. అక్కడినుంచి నాతో మాట్లాడేది.

"మే పాపా, మీ బావను కాళ్లు కడుక్కోమను."

"మే, మీ బావ ఇంకొక ఓళిగ ఏసుకుంటాడేమో అడుగు."

బావ చెవులకు ఆ మాటలు చక్కగా వినిపించేవి. అయినా నేను మళ్లీ చెప్పాలి. ఆయన జవాబు కూడా నాతోనే చెప్పేవాడు, "చాలు పాపా, కడుపు నిండిపాయనని చెప్పు" అని. చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య నేను తిరుగుతూ ఉండేదాన్ని. "ఈ పనికి నాకు కూలి ఇస్తారా లేదా?" అని ఒకసారి అడిగాను. బావ పడీ పడీ నవ్వాడు. అమ్మ తలుపు సందులోంచి చేయి పెట్టి నా జబ్బ మీద గట్టిగా గిల్లింది.

అత్త అల్లుడికి ఎదురుపడకపోవడం మా ఇళ్లలో మర్యాద. మామ ఎదురుపడినా వానల గురించి, పంటల గురించి తప్ప మాట్లాడడు. ఈ మర్యాదే మా అక్క కొంప ముంచింది. కోపంతోనే ఈ మాట రాస్తున్నాను, ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు.

అక్క పెళ్లి తొంభైల నడుమ జరిగింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నాయన పెనుకొండలోనే ఒక ఆఫీసులో అటెండరు. బావ వాళ్లకు ధర్మవరంలో మగ్గాలు ఉన్నాయి. బావ మాత్రం నేసేవాడు కాదు, నేసిన పట్టుచీరలు మూటకట్టుకుని బెంగుళూరు అంగళ్లకు తీసుకెళ్లేవాడు. నెలలో సగం రోజులు అక్కడే. వచ్చేటప్పుడు నాయనకు బేకరీ రొట్టె, అవ్వకు వక్కలు, నాకు రంగుల పెన్నులు తెచ్చేవాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మాకు ఆయనంటే ఇష్టం. ఆ ఇష్టం దొంగది కాదని ఇప్పటికీ అంటాను.

పెళ్లయిన కొన్ని నెలలకు ఉగాది వచ్చింది. అక్క పండక్కి వచ్చినప్పుడు ఆమె అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు ఉన్నాయి. దురద లేదు, నొప్పి లేదు. ధర్మవరంలో అత్తగారి పెరట్లో పట్టుకు రంగులు అద్దేవాళ్లు. రంగునీళ్లలో ముంచిన పట్టుదారం కట్టలను అక్క చేతులతో పిండేది. రంగు ఒంటికి పడలేదని వాళ్ల అత్త చెప్పింది, మేమూ అదే అనుకున్నాం. అరికాళ్లలో ఎందుకు వచ్చాయని నేను అడిగితే, పిండిన నీళ్లు కాళ్ల మీదే కదా కారేదని అక్క అంది. అవ్వ రోజూ ఆముదం రాసింది. కొన్నాళ్లకు మచ్చలు పోయాయి. తన ఆముదానికి పేరొచ్చిందని అవ్వ వీధంతా చెప్పుకుంది.

ఆ ఏడాదే అక్క మొదటిసారి కడుపుతో మా ఇంటికి వచ్చింది. ఏడో నెలలో బిడ్డ కదలడం ఆగిపోయింది. రెండోసారి నెలలు నిండాయి, బిడ్డ పుట్టింది, ఏడవలేదు. మంత్రసాని ఆ బిడ్డను తలకిందులుగా పట్టుకుని తట్టిన చప్పుడు నాకు ఇంకా వినబడుతుంది.

అప్పుడు బావ వాళ్ల అమ్మకు ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్త మగ్గం కోసం గుంత తవ్వుతున్నప్పుడు ఒక పాము బయటపడిందట. కూలివాళ్లు గడ్డపారతో కొట్టి చంపారట. అందరికీ అంతా అర్థమైపోయింది. పామును చంపిన ఇంట్లో పిల్లలు నిలుస్తారా? ఇక నాగరాళ్లు చెక్కించడం, వాటిని నీళ్లలో ఉంచడం, మొగుడూ పెళ్లాలు తడిబట్టలతో నిలబడి వాటిని ప్రతిష్ఠ చేయడం. అది చలికాలం. తెల్లవారుతూనే పెనుకొండ కొండ మీదినుంచి గాలి వీస్తోంది. బావ తడిపంచెతో వణుకుతూ రాళ్ల చుట్టూ తిరిగాడు. తనే చెంబు పట్టుకుని పాలు పోశాడు. అక్క వెనకాల కొంగుముడితో తిరిగింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ నా చెవిలో అంది, "ఇట్లాంటి అల్లుడు యాడ దొరుకుతాడే. ఇంకొకడైతే ఈపాటికి ఇంకొకదాన్ని తెచ్చుకునుంటాడు."

మూడోసారి ఆడపిల్ల. ప్రాణంతో పుట్టింది. ఇల్లంతా పండగ. కానీ పిల్లకు ముక్కు మూసుకుపోయి, పాలు పట్టడం రాలేదు. రొమ్ము అందుకుని, ఊపిరి ఆడక వదిలేసేది. చిన్న చిన్న అరచేతుల్లో, పాదాల్లో చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. అవ్వ ఆముదం సీసా తెచ్చింది. అక్క ఆ చేతుల వైపు చూసి సీసాను పక్కకు తోసేసింది. "హిందూపురం పోదాం" అంది.

హిందూపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోం. అక్కడి డాక్టరమ్మ పిల్ల పిడికిలి విప్పి చూసింది. తర్వాత అక్క వైపు తిరిగి, ఏమీ అడగకుండా అక్క అరచేతులు పట్టుకుని చూసింది.

"నీకు ఎప్పుడైనా చేతులకూ కాళ్లకూ మచ్చలు వచ్చాయా?"

"రంగు పడలేదు తల్లీ. వాళ్లది పట్టు ఇల్లు" అని అమ్మ జవాబు చెప్పింది.

డాక్టరమ్మ అమ్మ మాట వినిపించుకోనట్టే ఉండి, తల్లికీ బిడ్డకూ రక్తం తీయించింది. పిల్లకు అప్పుడే మందు మొదలుపెట్టారు. పరీక్ష సంగతి తెలిసేలోపలే పిల్ల పోయింది. పేరు కూడా పెట్టలేదు. పాప అనే పిలిచేవాళ్లం.

మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. అమ్మ, అక్క, నేను. నాయన బయట బెంచీ మీద ఉండిపోయాడు.

ఆమె చెప్పింది నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ గదిలో విన్నదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ దేవుళ్లకు మొక్కుకుంటోంది, అక్క కిటికీ వైపు చూస్తోంది. సిఫిలిస్ అని జబ్బు. పాతవాళ్లు సవాయి అనేవాళ్లు. ఒక క్రిమి వల్ల వస్తుంది, మొగుడూ పెళ్లాల కలయికలో ఒకరినుంచి ఒకరికి పోతుంది. మొదట ఒక పుండు వస్తుంది, నొప్పి ఉండదు, ఆడవాళ్లకైతే కనబడను కూడా కనబడదు. దానంతట అదే మానిపోతుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు. అవీ పోతాయి. పోయిందనుకుంటారు, కానీ జబ్బు పోదు, రక్తంలో దాక్కుంటుంది. కడుపులో బిడ్డ పడితే బిడ్డకు పోతుంది.

అమ్మకు ఊరంతా మాట్లాడుకునే జబ్బు ఒకటే తెలుసు. "ఎయిడ్సా తల్లీ?" అంది.

"కాదమ్మా. ఆ పరీక్ష కూడా చేశాం, అది లేదు. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. పెనిసిలిన్ సూది చాలు. మొదటి కాన్పులోనే రక్తం చూసి సూది వేసి ఉంటే పిల్లలు బతికేవాళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటికే ఉన్న మందు. మేము దాన్ని పక్కన పెట్టి పాము చుట్టూ తిరిగాం, రంగునీళ్లను తిట్టాం, ఆముదం రాశాం. ముగ్గురు పిల్లలు పోయారు.

"సూదులు అయ్యాక ఈమెకు భయం లేదు" అంది డాక్టరమ్మ. "కానీ ఈమె భర్త కూడా పరీక్ష చేయించుకుని సూదులు వేయించుకోవాలి. ఆయన్ని తీసుకురండి. ఆయనకు నయం కాకుండా ఈమె ఆయన దగ్గరికి పోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇద్దరికీ నయమైతే వచ్చే బిడ్డ చక్కగా ఉంటుంది."

వచ్చే బిడ్డ అనే మాట విని అక్క కిటికీ దగ్గర్నుంచి తల తిప్పింది. అంతసేపట్లో ఆమె విన్నది ఆ ఒక్కటే అనుకుంటాను.

సూదులకు నేనే అక్కను హిందూపురం తీసుకెళ్లేదాన్ని. నడుము కింద పొడిచే పెద్ద సూది. బస్సులో ఇంటికొచ్చేటప్పుడు అక్క ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. కిటికీలోంచి చూస్తూ, "వచ్చే తడవ ఆడపిల్లైనా బాగనే ఉంటాది" అనేది. ఆమెకు కావలసింది బిడ్డ ఒక్కటే. మొగుడి మీద కోపం ఉందా అని అడిగాను. "ఉండాది. ఆయప్పకు బాగైనాంక కోపం చేసుకుంటాలే" అంది. కొన్నాళ్లకు మళ్లీ రక్తం చూసి డాక్టరమ్మ నవ్వింది. మందు బాగా పనిచేసిందట.

మరి బావకు ఎవరు చెప్పాలి?

డాక్టరమ్మ ఒకసారి రమ్మంటోందని కబురు పంపాం. చీరల సీజన్ అయ్యాక వస్తానన్నాడు. సీజన్ అయ్యాక పంపిన కబురుకు జవాబే రాలేదు. ఎందుకు రమ్మంటోందో ఆ కబురులో మేము చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అమ్మ చెప్పే ప్రసక్తే లేదు. అల్లుడి ఎదుట నిలబడి ఓళిగ తినమని కూడా అనలేని మనిషి ఈ మాట అంటుందా? నువ్వే చెప్పరాదా అని అక్కనడిగాను. అక్క నా వైపు వింతగా చూసింది. "నేను నోరిప్పితే, వాళ్లమ్మ నన్నే అడుగుతాది మే, నీకు యాడనుంచి వచ్చిందని. ఆయప్ప బెంగుళూరులో ఏమి చేసినాడో నేను చూసినానా? నేను ఈడ ఏమి చేసినానో మాత్రం ఊరంతా చెప్తాది." పోనీ, నేను చెబుతానన్నాను. ఎలాగూ మోసుకెళ్లేది నేనే కదా, కాళ్లు కడుక్కోమని చెప్పినట్టే ఇదీ చెబుతాను. అమ్మ నా నోటి మీద చేయి పెట్టింది. "పెండ్లి కావల్సిన పిల్లవు. నీ నోట్లోనుంచి ఆ మాట వచ్చిందంటే నీ బతుకు కూడా ఐపోతాది."

చివరికి నాయన బయల్దేరాడు. తోడు నన్ను తీసుకెళ్లాడు. పాసింజరు రైల్లో పెనుకొండ నుంచి ధర్మవరం దాకా నాయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. పరీక్షకు పోయే పిల్లవాడిలా వల్లె వేసుకుంటున్నాడని అర్థమైంది. బావ వాళ్లింట్లో మాకు చాప వేశారు, మజ్జిగ ఇచ్చారు. బావ వచ్చి కూర్చున్నాడు.

"వానలు ఎట్లుండాయప్పా ఈ పక్క?" అన్నాడు నాయన.

"లేవు మామా. మీ పక్క?"

"మా పక్కా లేవు."

పట్టు ధర గురించి మాట్లాడారు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధర గురించి మాట్లాడారు. అన్నాలు తిన్నారు. నేను నాయన మోకాలిని మోచేత్తో పొడిచాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. బావ తలవంచుకుని నేల మీద చాప ఈనె ఒకటి తుంచుతున్నాడు. "అప్పా..." అన్నాడు నాయన. బావ తల ఎత్తలేదు. "అప్పా, రైలుకు టైమైనట్టుండాది" అని నాయన లేచాడు. బావ మమ్మల్ని స్టేషన్ దాకా వచ్చి ఎక్కించాడు. కిటికీలోంచి నాయన చేతిలో మిఠాయి పొట్లం పెట్టాడు.

రైలు కదిలాక నాయన ఆ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, "అల్లునికి ఎట్ల చెప్పేది పాపా" అన్నాడు. "పిల్లనిచ్చినోన్ని. నీకు ఇట్లాంటి జబ్బు ఉండాదప్పా అని ఏ నోటితో అనేది?" ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను ఊరుకున్నాను. తిట్టాలనే ఉండింది.

చెప్పలేకపోయారు కాబట్టి ఇంకో ఉపాయం ఆలోచించారు. అక్కను పంపకుండా ఉంటే చాలు. బావ అక్కను పిలుచుకుపోవడానికి వచ్చాడు. అమ్మ తలుపు వెనక చేరింది.

"మే, ఆషాఢం పోయినాంక పంపిస్తామని చెప్పు."

"ఆషాఢం కొత్త పెండ్లికూతుర్లకు కదా పాపా" అన్నాడు బావ మెల్లగా.

"మా పక్క అందరికీ ఉంటాదని చెప్పు" అంది అమ్మ. నేను చెప్పాను. బావ కాఫీ తాగి వెళ్లిపోయాడు.

శ్రావణంలో నా పరీక్షలకు అక్క తోడుండాలన్నారు. తర్వాత శూన్యమాసం, తర్వాత మూఢం. పంచాంగం అయిపోయాక అవ్వ మీద పడ్డారు. అవ్వ గుండ్రాయిలా ఉండేది, పొద్దున్నే లేచి వీధి చివరి దాకా ఊడ్చేది. బావ వస్తున్నాడని తెలియగానే ఆమెను దుప్పటి కప్పి పడుకోబెట్టి మూలగమన్నారు. ఎందుకో ఆమెకు తెలియదు. అయినా ఆమె ఎంత బాగా మూలిగిందంటే బావ భయపడి డాక్టరును పిలుస్తానన్నాడు. అవ్వ ఒక్కసారిగా లేచి కూర్చుని, "ఇప్పుడు నయమే నాయనా" అంది. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాను. అక్క అక్కడ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చుని ఉంది. బావ వస్తున్నాడనగానే ప్రతిసారీ ఆ సంచి సర్దుకునేది. నా నవ్వు ఎటో పోయింది.

"పోతే బిడ్డ పోతాది, పోకపోతే మొగుడు పోతాడు. నన్నేం చేయమంటావు మే?" అంది.

మొగుడు పోయాడు. బావ రావడం మానేశాడు. పిల్లను మీ ఇంట్లోనే పెట్టుకోండని వాళ్లమ్మ కబురు చేసింది. పెద్దమనుషులు కూర్చున్నారు. ఏమప్పా, పిల్లను ఎందుకు పంపలేదని నాయనను అడిగారు. బావ అక్కడే ఉన్నాడు. నాయన చెప్పగలిగిన చోటు అదొక్కటే మిగిలింది. నాయన నేల చూపులు చూస్తూ, "మా పెద్దపాపకు ఆరోగ్యం బాగలేదు" అన్నాడు.

ఆ మాటతో అంతా తేలిపోయింది. ముగ్గురు పిల్లలు నిలవలేదు, ఆరోగ్యమూ బాగాలేదు, ఆమె తండ్రే చెప్పాడు. మేము పెట్టిన సామాన్లు ఆటోలో తిరిగొచ్చాయి. కొన్నాళ్లకు బావ వాళ్ల బంధువుల పిల్లను చేసుకున్నాడు. అక్క కుట్టుమిషను నేర్చుకుంది.

తర్వాత కొన్నేళ్లకు, రెండువేల సంవత్సరం దాటాక, నాకు హిందూపురంలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. రోజూ పెనుకొండ నుంచి రైల్లో పోయి వచ్చేదాన్ని. పెట్టెలో ధర్మవరం ఆడవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల మాటల్లోనే తెలిసింది, బావ రెండో భార్య కడుపుతో ఉందని.

ఆ పిల్ల అరచేతులు ఎలా ఉన్నాయో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు. ఆమె పుట్టింట్లోనూ ఒక తలుపు ఉంటుంది. ఒక ఆదివారం నేను ఎవరికీ చెప్పకుండా ధర్మవరం బయల్దేరాను.

బావ వసారాలో ఎవరికో చీర మడత విప్పి చూపిస్తున్నాడు. నన్ను చూసి ఆ మనిషిని పంపించేశాడు. "రా పాపా" అన్నాడు, పాత అలవాటుగా. రెండో భార్య దారం కండెలు చుడుతోంది. నాకంటే చిన్నది. పెద్ద కడుపు. నాకు మంచినీళ్లు ఇచ్చి, ఎవరని కూడా అడగకుండా లోపలికి పోయింది. నేను ఆమె చేతుల వైపే చూశాను, ఏమీ కనబడలేదు. అక్కకు కూడా తర్వాత ఏమీ కనబడలేదు కదా.

నేను బావను ఎప్పుడూ మీరు అనేదాన్ని. ఆ రోజు అనలేదు.

"నీకు సవాయి జబ్బు ఉండాది. మా అక్కకు నీ దగ్గర్నుంచే వచ్చింది. మా పిల్లలు పోయింది దానివల్లనే. సూదులతో నయమవుతాది. ఈమెకు రక్తపరీక్ష చేయించు, నువ్వూ చేయించుకో."

అంతే. చేతిలో నీళ్లు తాగేంతసేపు కూడా పట్టలేదు. ఇంటిల్లిపాదీ అన్ని నెలలు మింగలేక కక్కలేక చచ్చిన మాట ఇంతేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన మాకు అల్లుడు కాకుండా పోయాక ఆ మాట ఎంత సులభంగా వచ్చిందో.

బావకు కోపం రాలేదు. లోపలి వైపు ఒకసారి చూసి, నన్ను వీధిలోకి తీసుకొచ్చాడు. పక్కింట్లో మగ్గం ఆడుతోంది.

"ఈమెకు ఏమీ కాదులే పాపా. నాకు ఎప్పుడో నయమైపాయ."

"ఎప్పుడు?"

"మీ అక్క మొదటి కాన్పుకు మీ ఇంట్లో ఉన్నప్పుడు. ఒంటికి బాగలేదని బెంగుళూరులో చూపించుకుంటి. సూదులేసిరి. మళ్లా రక్తం చూసి పోయిందనిరి. ఈ పెండ్లికి ముందర కూడా చూపించుకుంటి. ఏమీ లేదు."

ఈ పెళ్లికి ముందు చూపించుకున్నాడట.

"ఆ డాక్టరు నీకొక్కనికే ఏసినాడా? పెండ్లానికి ఏయమనలేదా?"

"పిలుచుకొని రమ్మనె."

"మరి?"

"మీ నాయనకు ఏమని చెప్పల్ల పాపా? మీ అమ్మ నా ముందరికి కూడా రాకపాయ, అంత మర్యాదగా చూస్తాంటిరి. ఆ ఇంట్లో నేను ఈ మాట ఎట్ల అనేది? మీ అక్కకు అంటకుండా ఉంటాదేమోలే అనుకుంటి. అనుకోని ఊరకుంటి."

"నాగరాళ్ల చుట్టూ తడిబట్టల్తో ఎందుకు తిరిగితివి?"

"దేవుడన్నా చూస్తాడేమోనని తిరిగితి" అన్నాడు.

కొట్టాలనిపించింది. నిజంగానే నా చేయి లేచింది, కానీ కొంగు సర్దుకుని దించేశాను. అప్పుడు ఆయనే అడిగాడు.

"మీ అక్కను మీరు ఎందుకు పంపకపోతిరి పాపా? ఎన్ని తూర్లో వస్తి. ఏమేమో చెప్తిరి."

"ఎందుకంటే, డాక్టరమ్మ పంపొద్దనె. నీకు నయమయ్యేదాకా పంపొద్దనె. అక్కకు సూదులైపోయినాయి, బాగైపోయింది. నీకు చెప్పల్లనే నాయన ఈడికి వచ్చింది. చెప్పలేకపాయ."

బావ గోడ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"నాకు లేకపాయ కదా పాపా అప్పుడు" అన్నాడు.

నేను స్టేషన్‌కు నడిచి వచ్చేశాను. ఆయన వెనక రాలేదు. రైల్లో ఏడుద్దామనుకున్నాను, రాలేదు. ఇద్దరు డాక్టర్లు ఇద్దరికీ ఒకే మాట చెప్పారు. ఇద్దరూ సూదులు వేయించుకున్నారు. ఇద్దరికీ నయమైంది. నాలుగో బిడ్డ చక్కగా పుట్టి ఉండేది. దారిలో ఎవరిని తిట్టుకోవాలో తెలియక కిటికీ బయట వేరుశనగ చేలను చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి అక్కకు చెప్పేశాను. మా ఇంట్లో దాచడం అప్పటికే చాలా జరిగిపోయింది, ఇంకొకటి నా వల్ల కాదు. అక్క ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. వింటూనే కుట్టింది. నాగరాళ్లకు పాలు పోయడం గురించి చెప్పినప్పుడు మాత్రం సూది ఆగింది.

"మనం హిందూపురం తిరుగుతాన్నప్పటికే ఆయప్పకు బాగుండాదా?"

"ఉండాదంట."

"అట్లైతే నేను పోయిండచ్చు" అంది అక్క.

వంటింట్లో అమ్మ ఉంది. అక్క దారం కొరికి, ఇంకో హుక్కు అందుకుంది. కాసేపటికి, "ఈ మాట ఇంక యాడా అనద్దు మే. ఆ పిల్ల కడుపుతో ఉండాది. దానికెందుకు" అంది. నేను సరేనన్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు మా వీధిలో ఒకామె జాకెట్టు గుడ్డ తీసుకుని వచ్చింది. ఆమె చెల్లెలిని ధర్మవరంలో ఇచ్చారు. చాప మీద కూర్చుని, ఊరి సంగతులన్నీ అయ్యాక, అక్క వైపు జాలిగా చూసింది.

"మీ ఆయనకు మగపిల్లోడు పుట్టినాడంట. గుండ్రాయి మాదిరి ఉండాడంట. లోపం యాడుండాదో దేవుడే చూపిస్తాడు. ఏమీ అనుకోవద్దు మే, నీ మేలు కోరే చెప్తాండా."

నేను లేచి నిలబడ్డాను. వంటింటి తలుపు వెనక అమ్మ చీర కుచ్చెళ్లు కదలకుండా ఉన్నాయి. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత మెడలో ఉన్న టేపు తీసి, ఆ మనిషి భుజం మీద పెట్టింది.

"చేతులు మోచేతి దాకా పెట్టల్లనా, పొట్టిగా పెట్టల్లనా?" అని అడిగింది.